పిల్లల్ని పుస్తకాల వైపు మళ్ళించిన టీవీ కార్యక్రమాలు: అప్పట్లో వాటిలో ఏముండేది, ఇప్పుడు ఏం చూపించాలి?

ప్రశ్న: వేళచ్చేరి అమ్మ

అందరికీ నమస్కారం. 1980లలో మద్రాసులో బడికి వెళ్ళిన తెలుగువాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కనుక నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ఒక సందేహాన్ని మీ ముందు పెడుతున్నాను.

అప్పట్లో మేము కోడంబాక్కంలో ఉండేవాళ్ళం. మద్రాసు దూరదర్శన్ కేంద్రం 1975 ఆగస్టు 15న మొదలైంది. నాకు ఊహ తెలిసేనాటికి మా వీధిలో నాలుగైదు మేడల మీద ఆంటెన్నాలు కనిపించేవి. సాయంత్రం తమిళ కార్యక్రమాలు, రాత్రి ఢిల్లీ నుంచి హిందీ కార్యక్రమాలు వచ్చేవి. ఆదివారం మధ్యాహ్నం వేసే ప్రాంతీయ భాషా చిత్రాల్లో ఎప్పుడైనా ఒక తెలుగు సినిమా వస్తే తప్ప మన భాష ఆ పెట్టెలో వినిపించేది కాదు. అయినా నాకు చదవడం మీద ఇష్టం కలిగించిన వాటిలో టీవీ కూడా ఒకటని నా నమ్మకం. 'మాల్గుడి డేస్' అందుకు ఉదాహరణ. శంకర్ నాగ్ తీసిన ఆ ధారావాహికలో పేర్లు పడేటప్పుడు ఆర్.కె. లక్ష్మణ్ గీసిన బొమ్మలు కనిపించేవి. అవి పత్రికలో అచ్చైన బొమ్మల మాదిరిగా ఉండడంతో, ఈ కథ టీవీ కోసం పుట్టింది కాదనీ ఎక్కడో కాగితం మీద ఉందనీ నాకు తోచింది. అడిగితే, స్వామి అనే ఆ పిల్లవాడి కథ 1935లోనే పుస్తకంగా వచ్చిందనీ, రాసిన నారాయణ్ గారు పుట్టింది మన మద్రాసులోనేననీ నాన్నగారు చెప్పారు. ఆ తరువాత బడి లైబ్రరీలో ఆ పుస్తకం దొరికేదాకా నాకు మనసు నిలవలేదు.

ఇప్పుడు మా అమ్మాయి నాలుగో తరగతి. బడిలో ఇంగ్లీషు, తమిళం చదువుతుంది. ఇంట్లో తెలుగు చక్కగా మాట్లాడుతుంది కానీ చదవలేదు. ఫోనులో తెలుగు అక్షరమాల పాటలు లెక్కలేనన్ని చూసింది, 'అ'కు అమ్మ నుంచి వరసగా పాడగలదు. మొన్న రాజమండ్రి నుంచి మా పిన్ని పంపిన పూతరేకుల డబ్బాను కాసేపు తిప్పి తిప్పి చూసి, "ఇది కన్నడమా అమ్మా?" అని అడిగింది. పాట వచ్చు, అక్షరం రాదు. అంతకన్నా బాధ ఏమిటంటే, ఆ డబ్బా మీద ఏం రాసి ఉందో తెలుసుకోవాలన్న ఆత్రం దానికి లేదు, లోపల ఏముందో తెలుసు కనుక.

ఆనాటి కార్యక్రమాలలో పిల్లల్ని పుస్తకం దాకా తీసుకువెళ్ళిన గుణం ఏమిటి? అది నిజంగా వాటిలో ఉందా, లేక ఇన్నేళ్ళ తరువాత నేను వాటికి అంటగడుతున్నానా? ఈ రోజుల్లో, అందులోనూ చెన్నైలో పెరిగే తెలుగు పిల్లకు, ఏం చూపిస్తే బాగుంటుంది? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: పెరంబూరు తిరిగొచ్చాను

మీ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు అమెరికా నుంచి మొదలవుతుంది, ఏమీ అనుకోకండి. మేము పదేళ్ళకు పైగా అక్కడ ఉండి పిల్లల్ని పెంచి, తిరిగి పెరంబూరు చేరాము. అక్కడ మా పిల్లలు చూసిన 'రీడింగ్ రెయిన్‌బో' అనే కార్యక్రమం గురించి చెప్పకుండా ఈ విషయం మాట్లాడలేను.

అది 1983 జులైలో పీబీఎస్ అనే ప్రజా ప్రసార సంస్థలో మొదలైంది. వేసవి సెలవుల్లో పిల్లలు చదవడం మానేసి, బడి తెరిచేనాటికి వెనకబడిపోతున్నారన్న చింతతో దాన్ని రూపొందించారు. లెవార్ బర్టన్ అనే నటుడు దాన్ని నడిపేవాడు. ఒక్కో భాగంలో ఒక బొమ్మల పుస్తకాన్ని ఎవరో ఒక ప్రసిద్ధ నటుడో నటో చదువుతుంటే, పుస్తకంలోని బొమ్మలే తెర మీద మెల్లగా కదిలేవి. కథను నాటకంగా ఆడించేవారు కాదు, కార్టూనుగా మార్చేవారు కాదు. పేజీని పేజీలాగానే చూపించేవారు. తరువాత బర్టన్ ఆ కథకు సంబంధించిన చోటికి వెళ్ళి అక్కడి మనుషులతో మాట్లాడేవాడు. అన్నిటికన్నా నాకు నచ్చింది చివరి భాగం. మామూలు పిల్లలు, ఏడెనిమిదేళ్ళ వాళ్ళు, తమకు నచ్చిన పుస్తకాన్ని చేత పట్టుకుని కెమెరా ముందు నిలబడి అది ఎందుకు బాగుందో చెప్పేవారు. కథ సగం చెప్పి, మిగతాది మీరే చదువుకోండి అని ఆపేసేవారు. నా మాట మీద నమ్మకం పెట్టుకోనక్కరలేదు అని బర్టన్ వాళ్ళను పరిచయం చేసేవాడు. పెద్దవాడు నచ్చజెప్పడం కన్నా పక్కింటి పిల్ల ఊరించడం ఎంత బలమైనదో మా ఇంట్లో చూశాను. మా చిన్నవాడు కాగితం మీద పుస్తకం పేరు తప్పుల తడకగా రాసుకుని, శనివారం నన్ను లైబ్రరీకి లాక్కుపోయేవాడు.

ఆ కార్యక్రమం 2006 దాకా కొత్త భాగాలతో నడిచింది, పాత భాగాల పునఃప్రసారం 2009 ఆగస్టుతో ఆగిపోయింది. అది ఆగిపోవడానికి కారణం మీ ప్రశ్నకు నేరుగా తగులుతుంది. ప్రసార హక్కులు పొడిగించడానికి డబ్బు కావలసివచ్చింది, ఎవరూ ముందుకు రాలేదు. దానికి తోడు, ఆ కాలానికి ప్రభుత్వమూ ప్రసార సంస్థలూ అక్షరాలనూ ధ్వనులనూ నేర్పే కార్యక్రమాల మీద డబ్బు పెట్టడం మొదలుపెట్టాయి. ఎలా చదవాలో నేర్పడానికి నిధులు దొరికాయి. ఎందుకు చదవాలో చూపించిన ఈ కార్యక్రమానికి దొరకలేదు. ఆ తరువాత 2014లో బర్టన్ దీన్ని కొత్త రూపంలో తేవడానికి ఇంటర్నెట్‌లో చందాలు అడిగాడు. పది లక్షల డాలర్లు అడిగితే ఒక్క రోజు గడవకముందే వచ్చేశాయి, చివరికి యాభై లక్షలు దాటాయి. అప్పటికి పెద్దవాళ్ళైన ఆనాటి పిల్లలు ఇచ్చినవే అందులో ఎక్కువ.

ఇక మన సంగతికి వస్తే, మీ అమ్మాయి చూస్తున్న అక్షరమాల పాటలన్నీ 'ఎలా' జాతికి చెందినవి. వాటిని తప్పుపట్టడం లేదు. అయితే తెలుగు చదివితే తనకు ఒరిగేది ఏమిటో ఆ పాటల్లో ఒక్కటీ ఆ పిల్లకు చెప్పదు. ఆ రెండో పని చేసే కార్యక్రమం తెలుగులో పేరుకైనా ఒకటి గట్టిగా నిలబడలేదని నా అభిప్రాయం. దానికి ఖర్చు కారణమని అనడానికీ లేదు. బ్రిటన్‌లో బీబీసీ 1965 నుంచి 1996 దాకా నడిపిన 'జాకనోరీ'లో చాలావరకు ఒక నటుడు కుర్చీలో కూర్చుని కెమెరా వైపు చూస్తూ పుస్తకం చదివేవాడు, మధ్యమధ్య కొన్ని బొమ్మలు చూపించేవారు. ఆ పని చేయగల గొంతులు మనకు తక్కువా? నాటక రంగంలో, రేడియోలో, హరికథల్లో కావలసినన్ని ఉన్నాయి.

జవాబు: గళ్ళ నోటుబుక్కు

నేను కొంచెం విభేదిస్తాను. కటువుగా ఉంటే మన్నించండి.

వేళచ్చేరి అమ్మగారూ, మీరు రాసినదాన్నే మళ్ళీ చదవండి. ఇది పుస్తకం అని మీకు చెప్పింది టీవీ కాదు, మీ నాన్నగారు. బొమ్మలు చూసి మీకు అనుమానం కలిగిన మాట నిజమే, కానీ ఆ అనుమానాన్ని తీర్చే మనిషి పక్కనే కూర్చున్నారు. లైబ్రరీ ఉన్న బడికి మీరు వెళ్ళారు. అదే ధారావాహికను అదే రాత్రి అదే వీధిలో చూసిన మిగతా పిల్లల్లో ఎంతమంది నారాయణ్ పుస్తకం పట్టుకున్నారు? మా ఇంట్లో నేనూ మా అన్నయ్యా పక్కపక్కన కూర్చుని చూసేవాళ్ళం. అన్నయ్య ఈనాటికీ రైల్వే టైంటేబుల్ తప్ప మరో పుస్తకం తెరిచిన పాపాన పోలేదు.

రెండో సంగతి. అప్పట్లో మనం చదివింది టీవీ మంచిదై కాదు, టీవీ తక్కువై. ఒక్కటే ఛానెల్, అదీ సాయంత్రం కొన్ని గంటలు. వారానికి ఒక భాగం చూశాక మిగతా రోజులు ఏం చేయాలి? తెర ఖాళీగా ఉన్న ఆ సమయాన్ని పుస్తకం ఆక్రమించింది. మన తెలుగు ఇళ్ళలోకి 'చందమామ' వచ్చేది. 1947 జులైలో ఈ ఊళ్ళోనే పుట్టిన పత్రిక అది, అచ్చయ్యేది వడపళనిలో. చిత్రకారుడు శంకర్ గీసిన విక్రమార్కుడు భుజాన శవంతో నడుస్తుంటే చూసి చదివామే తప్ప, ఎవరో టీవీలో చదవమంటే కాదు. తమాషా ఏమిటంటే దూరదర్శన్‌లో విక్రమార్కుడి కథలు 1985లో వచ్చేనాటికి అవి నాకు కంఠతా వచ్చు. అంటే మా ఇంట్లో పుస్తకమే టీవీ వైపు మళ్ళించింది.

టీవీ వల్లనే చదువరులు తయారవుతారన్నది నిజమైతే 1995 తరువాత మనకు చదువరులు వెల్లువెత్తాలి. ఆ ఏడాదే ఈటీవీ, జెమిని వచ్చాయి. చెన్నైలో కేబుల్ ఉన్న ప్రతి తెలుగు ఇంట్లో రోజంతా తెలుగు మోగింది. 2009లో పిల్లల కోసమే ఖుషి టీవీ కూడా వచ్చింది. అందులో నేను చూసినంతవరకు ఎక్కువ భాగం వేరే భాషల కార్టూన్లకు తెలుగు మాటలు అతికించినవే. ఇన్ని గంటల తెలుగు వినిపించినా, చదివే పిల్లలు పెరిగారని ఎవరైనా అనగలరా?

ఇంకొక మాట చెప్పి ఆపుతాను. మనం గుర్తుపెట్టుకున్న దూరదర్శన్ వేరు, నిజంగా చూసిన దూరదర్శన్ వేరు. శుక్రవారం రాత్రి 'ఒళియుమ్ ఒళియుమ్'లో సినిమా పాటల కోసం వీధి వీధంతా టీవీ ఉన్న ఇంట్లో చేరేది. క్రికెట్ వస్తే చదువులు అటకెక్కేవి. ఇప్పుడు పిల్లల ముందు మాత్రం అందరం 'భారత్ ఏక్ ఖోజ్' అనే చరిత్ర ధారావాహిక చూసి పెద్దవాళ్ళమైనట్టు మాట్లాడతాము. అది 53 భాగాలు. పూర్తిగా చూసినవారు ఎవరైనా ఉంటే చేయెత్తండి.

జవాబు: పాత ఆంటెన్నా

నేను మీ అందరికన్నా వయసులో పెద్దవాణ్ణి. ఉద్యోగ విరమణ తరువాత అంబత్తూరులో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. భారత్ ఏక్ ఖోజ్ 53 భాగాలూ చూశాను. చేయెత్తుతున్నాను.

మీరంతా ఇళ్ళలోని టీవీ గురించి మాట్లాడుతున్నారు. నేను మొదట చూసిన టీవీ బడిలో ఉండేది. మాది కర్నూలు జిల్లాలో ఒక పల్లె. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా ఏడాదిపాటు అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా మన దేశంలో ఆరు రాష్ట్రాలలోని దాదాపు 2,400 ఊళ్ళకు టీవీ కార్యక్రమాలు పంపారు. దాన్ని సైట్ ప్రయోగం అనేవారు. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి, మా ఊరు ఆ ఊళ్ళలో ఒకటి. బడి ఆవరణలో ఇనుప వల అల్లిన పెద్ద గొడుగును ఆకాశం వైపు తిప్పి నిలబెట్టారు. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం ఊరందరికీ కార్యక్రమాలు. ఒకే బొమ్మకు రెండు భాషల్లో మాటలు పంపే ఏర్పాటు ఆ ఉపగ్రహంలో ఉండేది.

గళ్ళ నోటుబుక్కు గారు అన్న మాటలో నిజం ఉంది, కానీ అది పూర్తి నిజం కాదు. మా ఊళ్ళో పుస్తకాలున్న ఇళ్ళు లేవు, ఇది పుస్తకం అని చెప్పే నాన్నలు లేరు. మా నాన్నగారికి సంతకం మాత్రం వచ్చు. పొద్దున కార్యక్రమం అయిపోగానే మాస్టారు టీవీ కట్టేసి, ఇప్పుడు చూసినదాని గురించి ఎవరు చెబుతారు అని అడిగేవారు. గాలిలో బరువుందని చూపించిన రోజున ఆయన బీరువా తాళం తీసి, అంతవరకు పరీక్షాధికారి వచ్చినప్పుడు తప్ప బయటికి రాని సైన్సు పుస్తకాన్ని మా చేతికిచ్చారు. అది ఒక చేతి నుంచి మరో చేతికి మారి, వారం తిరిగేసరికి అట్ట ఊడింది. అట్ట ఊడినందుకు ఆయన ఎవరినీ కొట్టలేదు, ఇది ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

ఆ ప్రయోగం మీద తరువాత చేసిన పరిశీలనల్లో, టీవీ చూసిన పిల్లలకు భాష మెరుగుపడిందనీ, విషయాలను వేర్వేరు చోట్ల నుంచి తెలుసుకోవాలన్న ఆసక్తి పెరిగిందనీ తేలింది. బడి హాజరు మాత్రం పెద్దగా పెరగలేదు. నా అనుభవమూ అదే. టీవీ చూసి కొత్తగా బడికి వచ్చినవాడు నాకు గుర్తులేడు, బడికి వస్తున్నవాడి కుతూహలం మాత్రం రెట్టింపయింది. ఏడాది తిరగగానే ఉపగ్రహం వెళ్ళిపోయింది, గొడుగు తుప్పు పట్టింది. బీరువా తాళం మాత్రం మళ్ళీ వేయలేదు.

టీవీ కన్నా ముందే ఈ పని చేసిన మనిషి ఒకరు ఈ మద్రాసులోనే ఉండేవారు. ఆయన పేరు ఎత్తకుండా ఈ చర్చ సాగడం నాకు వెలితిగా ఉంది. న్యాయపతి రాఘవరావు గారు, రేడియో అన్నయ్య. ఆయనా, భార్య కామేశ్వరి గారూ కలిసి మద్రాసు ఆకాశవాణిలో పిల్లల కోసం కార్యక్రమాలు నడిపారు. అక్కడితో ఆగి ఉంటే అది మంచి రేడియో కార్యక్రమం అనిపించుకునేది. వారు 1945లో 'బాల' అనే పత్రిక పెట్టారు. రేడియోలో విన్న పిల్లవాడికి చదువుకోవడానికి పత్రిక, చదివిన పిల్లవాడు రాసి పంపితే అందులోనే చోటు. ముళ్ళపూడి వెంకటరమణ గారి మొదటి కథ అచ్చయింది అందులోనే, బాపు గారి చిన్ననాటి బొమ్మలు వచ్చింది అందులోనే. మా మేనమామ మద్రాసులో చదువుకునే రోజుల్లో దాచుకున్న కొన్ని సంచికలు మా ఊరికి తెస్తే, నేను వాటిని పుట్టకముందు పత్రికలని తెలియకుండానే చదివాను.

పెరంబూరు వారు చెప్పిన అమెరికా కార్యక్రమంలో పిల్లలే పుస్తకం గురించి చెప్పేవారన్నారు కదా. మన రేడియో అన్నయ్య అంతకు దాదాపు నలభై ఏళ్ళ ముందే పిల్లల చేత చెప్పించడమే కాదు, రాయించారు కూడా.

జవాబు: పెరంబూరు తిరిగొచ్చాను

పాత ఆంటెన్నా గారూ, రేడియో అన్నయ్య గురించి విన్నాను కానీ 'బాల'కూ రేడియోకూ ఉన్న ఈ ముడి నాకు తట్టలేదు. ధన్యవాదాలు.

గళ్ళ నోటుబుక్కు గారికి ఒక్క మాట. మీ వాదం ప్రకారం నాన్నగారు ఉన్న ఇంటికి కార్యక్రమం అక్కరలేదు. సరే. మాస్టారి బీరువా తాళం తెరిపించింది మాత్రం ఆ కార్యక్రమమే కదా. మంచి కార్యక్రమం పిల్లవాడితో పాటు పక్కనున్న పెద్దవాడి మీద కూడా పనిచేస్తుంది. పెద్దవాడు అసలు లేని చోట బర్టన్ లాంటివాడే ఆ స్థానంలో నిలబడి పుస్తకం పేరు చెబుతాడు. తెరలు తక్కువగా ఉన్న కాలం కనుక చదివాము అన్నది మన ఊరికి సరిపోతుందేమో గానీ, 1983 నాటి అమెరికాలో పిల్లలకు తెరల కొరత లేదు. అక్కడ కేబుల్ ఛానెళ్ళు అప్పటికే ఉన్నాయి, వీడియో గేములూ ఉన్నాయి.

జవాబు: గళ్ళ నోటుబుక్కు

తాళం సంగతి ఒప్పుకుంటున్నాను. 53 భాగాల సంగతి మాత్రం ఇంకా నమ్మలేకుండా ఉన్నాను.

నేను అనదలచుకున్నది ఇది. మీరు మెచ్చుకుంటున్న ప్రతి ఉదాహరణలోనూ తెర కట్టేశాక చేతికి అందేంత దూరంలో ఒక పుస్తకం ఉంది. మాస్టారి బీరువా, అమెరికా వీధి లైబ్రరీ, 'బాల' పత్రిక. ఇక్కడ చెన్నైలో ఈ పిల్లకు ఎంత గొప్ప తెలుగు కార్యక్రమం చూపించినా, మర్నాడు తెలుగు పుస్తకం ఎక్కడ దొరుకుతుంది? మా కాలంలో బడిలో తెలుగు ఉండేది. 2006 చట్టం తరువాత తమిళనాడు బడుల్లో తమిళం ఒక్కో తరగతికీ తప్పనిసరి అవుతూ వచ్చింది, పిల్లకు తెలుగు నేర్పే భారం ఇంటి మీద పడింది. కార్యక్రమం వెతకడం కన్నా ముందు పుస్తకం వెతకండి.

జవాబు: కోటూరుపురం కథలమ్మ

పుస్తకం దొరకదన్న దగ్గర నేను కలగజేసుకుంటాను. మా అపార్టుమెంటులో తెలుగు, తమిళ పిల్లలను కూర్చోబెట్టి ఆదివారాలు కథలు చదువుతుంటాను కాబట్టి ఈ వెతుకులాట నాకు అలవాటే.

చెన్నైలోనే 1996లో మొదలైన తూలికా వారు చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలను తెలుగులోనూ వేస్తారు. కొన్నిటిలో ఒకే పేజీలో ఇంగ్లీషు, తెలుగు రెండూ ఉంటాయి, మీ అమ్మాయి లాంటి పిల్లకు అవి మేలు. సికింద్రాబాదు 'మంచి పుస్తకం' ప్రచురణల వారివి చవక, పోస్టులో తెప్పించుకోవచ్చు. బెంగళూరు ప్రథమ్ బుక్స్ వారు 2015లో పెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా చదువుకోవచ్చు, అచ్చు కూడా తీసుకోవచ్చు. వాటిని చదవడానికి ఎంత కష్టమో బట్టి మెట్లుగా విడదీసి పెట్టారు, మొదటి మెట్టులో పేజీకి ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి. పెద్దవాళ్ళకు కావాలంటే ఎగ్మూరులో కన్నెమరా గ్రంథాలయం ఉంది. దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక ప్రతి చేరవలసిన నాలుగు గ్రంథాలయాల్లో అది ఒకటి కాబట్టి అక్కడ తెలుగు అరలు ఉన్నాయి. కోటూరుపురం అన్నా గ్రంథాలయంలో పిల్లల విభాగానికి తీసుకువెళ్ళండి. అక్కడ తెలుగు దొరికినా దొరకకపోయినా, అంతమంది పిల్లలు నేల మీద చతికిలబడి చదువుకోవడం చూస్తుంది.

ఏం చూపించాలి అన్నదానికి వస్తాను. 1996లో, అక్షరాస్యత కోసం పనిచేసే బ్రిజ్ కొఠారీ గారికి ఒక ఆలోచన వచ్చింది. టీవీలో సినిమా పాట వచ్చేటప్పుడు ఆ పాటలోని మాటలనే, అదే భాషలో, అడుగున వేస్తే, చూసేవారు పాడుకుంటూ తమకు తెలియకుండానే చదువుతారు అని. మొదట గుజరాతీ పాటలకు, తరువాత దూరదర్శన్‌లో హిందీ సినిమా పాటల కార్యక్రమం చిత్రహార్‌కు అలా వేయించారు. పాట ముందే వచ్చు కనుక తరువాతి మాట ఏమిటో కంటికన్నా ముందే నోటికి తెలుసు, కన్ను దాన్ని వెతికి పట్టుకుంటుంది. ఆయన మొదలుపెట్టిన బుక్‌బాక్స్ వారి తెలుగు కథల వీడియోలు కూడా అలాగే ఉంటాయి. గొంతు ఏ మాట దగ్గర ఉందో ఆ మాటకు రంగు మారుతుంది. అక్షరమాల పాటల బదులు ఇవి చూపించండి. అందులో అక్షరాలు విడివిడిగా కాక కథలో భాగంగా వస్తాయి.

ఒక కిటుకు చెబుతాను. మీ అమ్మాయి తమిళం చదవగలదు కనుక సగం దారి నడిచినట్టే. హల్లుకు గుర్తు తగిలిస్తే అచ్చు మారుతుందన్న సంగతి దానికి కొత్త కాదు, గుణింతం తొందరగా వస్తుంది. చిక్కంతా ఒత్తుల దగ్గర. తమిళంలో 'అమ్మ' రాయాలంటే మొదటి మకారం మీద చుక్క పెట్టి రెండో మకారాన్ని పక్కన రాస్తారు, కన్ను ఎడమ నుంచి కుడికి సాఫీగా పోతుంది. తెలుగులో రెండోది కిందికి దిగుతుంది. తమిళానికి అలవాటైన పిల్లలు ఆ కిందిదాన్ని అసలు చూడరు, 'అమ' అని చదివి ముందుకు పోతారు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో దాదాపు ప్రతి ఒక్కరూ ఇక్కడే తడబడ్డారు. కనుక మొదట్లో ఒత్తులు తక్కువగా ఉన్న కథలు ఎంచుకోండి. ఒత్తు వచ్చిన చోట మీ వేలు అక్షరం కిందికి దించి ఒక్క క్షణం ఆపండి.

వేళచ్చేరి అమ్మ

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారి సంగతి చదివి కొంచెం చురుక్కుమంది కానీ, నోటుబుక్కు గారు అన్నది కొట్టిపారేయలేను. నాన్నగారికి తమిళ పత్రికలు కూడా చదివే అలవాటు ఉండేది, ఇంట్లో ఏ భాష కాగితమైనా పారేయనిచ్చేవారు కాదు.

నిన్న రాత్రి బుక్‌బాక్స్ కథ ఒకటి పెట్టాను. మొదటిసారి బొమ్మలు మాత్రమే చూసింది. రెండోసారి రంగు మారే మాటల వెంట వేలు పెట్టి, "ఇది ర, ఇది ర" అని ఒక అక్షరాన్ని పట్టుకుని కథంతా దాన్నే వేటాడింది. అర్థం మీద ధ్యాస లేదు. అలా వదిలేయవచ్చా, లేక ఆపి కథ అడగాలా? పూతరేకుల డబ్బా మీద కూడా ఆ 'ర' ఉందని చూపించబోతే డబ్బా అప్పటికే చెత్తలోకి పోయింది.

జవాబు: కోటూరుపురం కథలమ్మ

వదిలేయండి. ఒకే అక్షరాన్ని వేటాడే దశ అందరిలోనూ వస్తుంది, కొన్ని రోజుల్లో దానికదే పోతుంది. మధ్యలో ఆపి ప్రశ్నలు అడిగితే వీడియో కాస్తా పాఠం అయిపోతుంది, రేపు పెట్టనివ్వదు. కథ బాగా నోటికి వచ్చాక ఒకసారి శబ్దం తీసేసి పెట్టి, నువ్వు చెప్పు అనండి. సగం గుర్తు మీద, సగం అక్షరాల మీద చెబుతుంది. ఆ రెంటినీ విడదీసి చూడకండి. అదే కథ అచ్చు రూపంలో దొరికితే ఆ రోజే చేతికివ్వండి, మర్నాటికి వాయిదా వేయకండి. దొరకకపోతే వాక్యాలను పెద్ద అక్షరాలతో మీరే కాగితం మీద రాసి, బొమ్మలు దాన్నే వేయమనండి. మా పిల్లల దగ్గర ఇలా తయారైన పుస్తకాలకే గిరాకీ ఎక్కువ, చిరిగిపోయేది కూడా అవే ముందు.